ఊరు ఆడించిన బొమ్మలు

పిల్లలూ! రాత్రిపూట దీపం ముందు చేతులు పెట్టి, గోడమీద కుక్కనూ కుందేలునూ ఆడించనివాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. కరెంటు పోతే పెద్దవాళ్లు విసుక్కుంటారు గాని, పిల్లలకు అది పండగే. కొవ్వొత్తి వెలిగించగానే గోడ తెర అవుతుంది, వేళ్లు బొమ్మలవుతాయి.

ఈ ఆటకు ఏమేమి కావాలో చెప్పండి, చూద్దాం. దీపం కావాలి. బొమ్మ కావాలి. గోడ కావాలి. అంతేనా? నాలుగోది కూడా ఒకటి కావాలి. అది ఎవరికీ తట్టదు. చూసేవాళ్లు! తమ్ముడో, చెల్లెలో పక్కన కూచుని కేరింతలు కొడుతూ ఉంటేనే మీ కుందేలు చెవులాడిస్తుంది. ఎవరూ లేని గదిలో కుందేలును ఎంతసేపు ఆడిస్తారు? రెండు నిమిషాలు ఆడించి మానేస్తారు.

ఆ నాలుగోదాని గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. అది ఉన్నంతకాలం మన తెలుగునాట ఒక గొప్ప ఆట వందల ఏళ్లు బతికింది. అది తగ్గిపోయిననాడు ఆ ఆటకు కష్టాలు వచ్చాయి. ఆ ఆట పేరు తోలుబొమ్మలాట.

ఈ ఆట ఎంత పాతదంటే, సుమారు 700 ఏళ్లకు పూర్వం పాల్కురికి సోమనాథుడు రాసిన "పండితారాధ్య చరిత్ర"లోనే ఇటువంటి బొమ్మలాటల ప్రస్తావన ఉన్నది. అంటే అప్పటికే ఇది ఊళ్లల్లో అందరూ ఎరిగిన ఆట అన్నమాట.

బండి వచ్చింది

నూరేళ్ల కిందట రాయలసీమలో ఒక చిన్న పల్లెటూరును మీ మనసులో ఊహించుకోండి. కోతలు అయిపోయాయి. గింజలు ఇళ్లకు చేరాయి. శివరాత్రి దగ్గర పడుతున్నది. ఒకనాటి సాయంకాలం ఊరి పొలిమేరలో ఒక ఎడ్లబండి కనిపించింది. బండి వెనక ఒక కుటుంబమంతా నడిచి వస్తున్నది. బండిలో మూత వేసిన పెద్ద పెట్టె ఒకటి ఉన్నది. దాన్ని చూడగానే ఊరి పిల్లలు, "బొమ్మలాటవాళ్లొచ్చారు!" అని కేకలు పెడుతూ పరిగెత్తారు.

బొమ్మలాటవాళ్ల పెద్ద రచ్చబండ దగ్గరికి వెళ్లి ఊరి పెద్దలకు దండం పెట్టాడు. అక్కడ మాటలు జరిగాయి. ఏ కథ ఆడాలి? ఎన్ని రాత్రులు ఆడాలి? ఊరు ఏమి ఇస్తుంది? ఈ మూడూ తేలిన తరవాత పని మొదలయింది.

పని అంటే బొమ్మలాటవాళ్ల పని మాత్రమే కాదు. గుడి ముందర నాలుగు గుంజలు పాతటానికి ఊరి కుర్రవాళ్లు గోతులు తవ్వారు. ఒకరు పందిరికి వాసాలు తెచ్చారు. ఒకరు తెల్లని పంచెలు తెచ్చారు. వాటిని ఒకదానికొకటి కలిపి తెర కట్టారు. తెర అడుగు భాగాన ఆడించేవాళ్ల కాళ్లు కనిపించకుండా గొంగళ్లు కట్టారు. దీపాలకు ఆముదం కొందరు ఇచ్చారు. ఆటగాళ్లకు భోజనాలు కొందరు పెట్టారు. ఆట అయిన తరవాత ఇంటింటా గింజలు పోశారు. ఉన్నవాళ్లు ఎక్కువ పోశారు, లేనివాళ్లు దోసెడు పోశారు. గింజలు పొయ్యలేనివాళ్లు కూడా ఆట చూశారు. ఆ ఆటకు టిక్కెట్టు లేదు, తలుపు లేదు.

ఇందులో ఒక సంగతి గమనించారా? ఊరు ఆట "కొనుక్కోలేదు". ఊరంతా కలిసి ఆట ఆడించింది. గుంజకు గొయ్యి తవ్విన కుర్రవాడికీ, ఆముదం పోసిన అవ్వకూ అది తమ ఆటే.

తెర వెనక

చీకటి పడింది. మద్దెల మోగింది, తాళాలు కదిలాయి. ముందుగా వినాయకుడి బొమ్మ తెరమీదికి వచ్చింది. తరవాత సరస్వతి. ప్రార్థన కాగానే జనంలో నవ్వులు మొదలయ్యాయి. కేతిగాడూ, బంగారక్కా వచ్చారు! వాళ్లకు తోడు జుట్టు పోలిగాడు. వీళ్లు రామాయణంలోనూ లేరు, భారతంలోనూ లేరు. అయినా వీళ్లు లేకుండా ఆట లేదు. వీళ్ల పని నవ్వించటం. పోట్లాడుకుంటారు, కొట్టుకుంటారు, మధ్యలో ఊరి సంగతులన్నీ బయటపెడతారు. ఊరి బావి పూడిపోయి ఎన్నాళ్లయిందో, పిల్లికి బిచ్చం పెట్టని ఆసామి ఎవరో కేతిగాడికి తెలుసు. ఎలా తెలుసు? ఆడించేవాళ్లు పగలంతా ఊళ్లో తిరిగి అన్నీ విన్నారు గదా! ఎవరి పేరూ చెప్పరు. కాని ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. అందరితో పాటు ఆ ఆసామీ నవ్వక తప్పదు.

ఆ తరవాత కథ మొదలవుతుంది. రామాయణ కథలకు బొమ్మలాటవాళ్లు ఎక్కువగా రంగనాథ రామాయణంలోని ద్విపదలు పాడతారు. అది గోన బుద్ధారెడ్డి పేర ప్రసిద్ధమైన పాత కావ్యం. పాడటానికి ఎంతో వీలుగా ఉంటుంది. ఆడ పాత్రలకు ఆడవాళ్లే పాడతారు, వాళ్లే ఆడిస్తారు. యుద్ధం వచ్చిందంటే చూడాలి! ఆడించేవాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టుకుని, కింద పరిచిన చెక్కపలకల మీద దబదబా తొక్కుతారు. రావణుడి తలలు తెగిపడుతున్నట్టు ఊరంతా దద్దరిల్లుతుంది. అమ్మ ఒడిలో నిద్రపోయిన పసివాళ్లు కూడా లేచి కూచుంటారు.

వానలు పడని ఏడు విరాటపర్వం ఆడిస్తే వానలు పడతాయని ఒక నమ్మకం ఉండేది. వానకూ ఆటకూ సంబంధం లేదని మీకు తెలుసు. కాని కరువు కాలంలో ఎవరి ఇంట్లో వాళ్లు దిగులుగా కూచోక, ఊరంతా ఒకచోట చేరి ఒక రాత్రి గడపటం మాత్రం తక్కువ సంగతి కాదు.

ఈ ఆట ఆడే కుటుంబాలలో చాలామంది ఇంట్లో మరాఠీకి చెందిన ఆరె భాష మాట్లాడతారు. వాళ్ల పూర్వులు మహారాష్ట్రం వైపునుంచి వచ్చారు. ఇంట్లో ఒక భాష, తెర వెనక తెలుగు! తెలుగు కావ్యాలను తాతల దగ్గిర విని, నోటికి నేర్చుకుని, తెలుగువాళ్లకే పాడి వినిపించారు. 

తోలులోంచి వెలుగు

ఇక్కడ మీకొక సందేహం రావాలి. గోడమీద మీ చేతి నీడ నల్లగా ఉంటుంది గదా, తోలుబొమ్మ నీడకు ఎర్రరంగు, పచ్చరంగు ఎలా వచ్చాయి?

మీ చెయ్యి వెలుగును పూర్తిగా అడ్డుతుంది. అందుకని నీడ నల్లగా పడుతుంది. తోలుబొమ్మ వెలుగును పూర్తిగా అడ్డదు. కొంత వెలుగును తనలోంచి పోనిస్తుంది. అయితే మన చెప్పుల తోలులోంచి వెలుగు పోదేం? అంతా తోలును తయారుచేసే పద్ధతిలో ఉన్నది. చెప్పులకు వాడే తోలును ఊనుస్తారు. బొమ్మల తోలును ఊనపెట్టరు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ శుభ్రంగా గీకేసి, చుట్టూ మేకులు కొట్టి బిర్రుగా లాగి ఎండబెడతారు. అప్పుడు అది పలచబడి, మసక అద్దంలాగా తయారవుతుంది. అవతలి వస్తువు కనపడదు గాని, వెలుగు వస్తుంది.

ఆ తోలుమీద బొమ్మ గీసి, కత్తిరించి, రెండువైపులా రంగులు వేస్తారు. వెలుగు ఎర్రరంగులోంచి వస్తే తెరమీద ఎర్రగా, పచ్చరంగులోంచి వస్తే పచ్చగా పడుతుంది. నగలు చూపటానికి మాత్రం రంగు చాలదు. చిన్న చిన్న ఉలులతో వందల బెజ్జాలు కొడతారు. ఆ బెజ్జాలలోంచి వెలుగు సూటిగా వచ్చి, రాముడి కిరీటమూ, సీతమ్మ హారాలూ రవ్వల్లాగా మెరుస్తాయి. అంటే ఆ నగల్లో ఉన్నది ఖాళీయే! 

పూర్వం దేవతల బొమ్మలకు జింకతోలు కూడా వాడేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు బొమ్మలకు వాడేది మేకతోలే.

బొమ్మలు 4 నుంచి 6 అడుగుల ఎత్తు దాకా ఉంటాయి. మీలో చాలామందికన్న హనుమంతుడి బొమ్మే ఎత్తు! భుజాలూ, మోచేతులూ, మోకాళ్లూ విడిముక్కలుగా కోసి, దారంతో ముడివేస్తారు. నడుమ నిలువుగా ఒక బద్ద కడతారు. చేతులు కదిలించటానికి వేరే పుల్లలుంటాయి. పని లేని బొమ్మను ముల్లుతో తెరకు గుచ్చి నిలబెడతారు. తెర పైభాగం చూసేవాళ్ల వైపుకు కాస్త వాలి ఉంటుంది. అందువల్ల బొమ్మ తెరమీద ఆనుకుని, నీడ స్పష్టంగా పడుతుంది.

ఆనుకోకపోతే ఏమవుతుంది? చిన్న లెక్క చేద్దాం. దీపానికీ తెరకూ మధ్య 4 అడుగులు దూరం ఉన్నది. బొమ్మ సరిగ్గా మధ్యలో, అంటే దీపానికి 2 అడుగుల దూరంలో ఉన్నది. అప్పుడు నీడ బొమ్మకు రెట్టింపు ఉంటుంది. బొమ్మ దీపానికి ఇంకా దగ్గిరికి పోతే నీడ ఇంకా పెరుగుతుంది, అంచులు చెదిరి మసకబారుతుంది. బొమ్మ తెరను ఆనుకుంటే నీడ బొమ్మంతే ఉండి, అంచులు తీర్చినట్టుంటాయి. ఒక రాక్షసుడు మసకగా పుట్టి, కళ్లముందే రూపు కట్టి తెరమీద నిలబడటం ఈ కిటుకుతోనే. ఈ సూత్రం ఆటగాళ్లకు ఏ పుస్తకమూ నేర్పలేదు, తాతలు నేర్పారు.

బండి రావటం తగ్గింది

మరి ఇంత గొప్ప ఆట ఈనాడు మన ఊళ్లల్లో ఎందుకు కనిపించదు?

1932లో మొదటి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చింది. ఆ తరవాత డేరాలలో ఆడే టూరింగు టాకీలు పల్లెలకు పాకాయి. 1987లో దూరదర్శన్ ప్రతి ఆదివారం ఉదయం రామాయణం చూపించటం మొదలుపెట్టింది. కథ అదే రామాయణం. కాని దాన్ని చూడటానికి గుంజలు పాతనక్కర్లేదు, ఆముదం పొయ్యనక్కర్లేదు, ఎవరికీ భోజనం పెట్టనక్కర్లేదు.

దానికి తోడు కరువు. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వానే పడుతుంది. మన దేశంలో బాగా తక్కువ వాన పడే చోట్లలో అదొకటి. వానలేని ఏడు ఊళ్లో గింజలుండవు. గింజలు లేని ఊరు ఎవరికి పోస్తుంది? కుర్రవాళ్లు పనులకోసం పట్నాలకు పోతారు. గుంజలు పాతేవాళ్లే ఉండరు. రాత్రుల తరబడి సాగిన ఆట ఒక రాత్రికి తగ్గింది. ఒక రాత్రి ఒక గంటయింది.

బొమ్మలాట కుటుంబాలు చేతులు కట్టుకుని కూచోలేదు. వాళ్లలో ఒక శాఖవారు బొమ్మల బదులు తామే వేషాలు వేసి ఆడటం నేర్చారు. 1885లో కడప జిల్లాలోని సురభి అనే పల్లెలో వనారస గోవిందరావుగారి కుటుంబం "కీచకవధ" నాటకం ఆడింది. నేడు దేశమంతా ఎరిగిన సురభి నాటక కంపెనీలు ఆ పల్లెనుంచే పుట్టాయి. పేరు కూడా ఆ పల్లెదే. ఒక ఊరు ఒక రాత్రి కూచుని చూసినందువల్ల ఎంత పని జరిగిందో చూడండి!

తెరమీంచి దీపంమీదికి

బొమ్మలతోనే ఉండిపోయినవాళ్ల సంగతి ఏమిటి? శ్రీ సత్యసాయి జిల్లాలో, పట్టుచీరలకు పేరుపడిన ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరున్నది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ ఊళ్లో ఎన్నో కుటుంబాలకు తోలుబొమ్మల పనే జీవనాధారం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1952లో, ఢిల్లీలో రెండు సంస్థలు పుట్టాయి. ఒకటి అఖిల భారత చేతిపనుల బోర్డు. కమలాదేవి చట్టోపాధ్యాయగారు దానికి నాయకత్వం వహించి, ఊళ్లల్లో చేతిపనివాళ్లు చేసే వస్తువులకు పట్నాలలో దారి చూపించారు. రెండోది సంగీత నాటక అకాడమీ. దాని పని ఆటపాటలను కాపాడటం. చిత్రమేమిటంటే, తోలుబొమ్మ ఈ రెంటికీ చెందినదే. చేసేటప్పుడు అది చేతిపని. ఆడించేటప్పుడు ఆటపాట.

చేతిపనికి అంగడి దొరికింది. తోలును తడిపి, ఇనుప తీగల చట్రానికి బిర్రుగా కుట్టి, బొమ్మలు వేసి, దీపాలకు గొడుగులు చెయ్యటం నేర్చారు. గోడకు తగిలించే బొమ్మలు చేశారు. పట్నంలోని ప్రదర్శనలలో వాటిని జనం ముచ్చటపడి కొన్నారు. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ బిరుదు వచ్చింది.

ఇది చాలా మంచి సంగతి. దీపపు గొడుగులు చేసి పిల్లలకు అన్నం పెట్టి చదువు చెప్పించినవాళ్లను చూసి, "అయ్యో, కళను అమ్ముకున్నారే!" అనటం తప్పు. మనం పోయి చూడని ఆటను ఆకలితో ఆడమని అడిగే హక్కు మనకు లేదు.

అయితే, ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. దీపపు గొడుగుకు ఉలిపని కావాలి, రంగులపని కావాలి. దానికి పాట అక్కర్లేదు. కేతిగాడి గొంతు అక్కర్లేదు. రెండు చేతులతో మూడు పుల్లలు పట్టుకుని, పలకలు తొక్కుతూ, పద్యం పాడే నేర్పు అక్కర్లేదు. ఒక తరంవాళ్లు గొడుగులే చేసి, రెండో తరంవాళ్లు గొడుగులే నేర్చుకుంటే, చేతులకు విద్య ఉంటుంది గాని గొంతులకు ఉండదు. బొమ్మను అద్దాల బీరువాలో పెట్టి నూరేళ్లు దాచవచ్చు. ఆటను దాచటానికి బీరువాలు లేవు. అది ఒకరినుంచి ఒకరు నేర్చుకుని, ఒకరి ముందు ఒకరు ఆడితేనే ఉంటుంది.

అంగడి బొమ్మను కొన్నది. నాలుగో వస్తువును, అంటే చూసే ఊరును, ఏ అంగడీ ఇవ్వలేదు.

కేరళలో ఒక ఏర్పాటు

మన పొరుగున కేరళలో ఈ చిక్కును పూర్వులు ఒక రకంగా తీర్చుకున్నారు. అక్కడి తోలుబొమ్మలాటను తోల్పావకూత్తు అంటారు. అక్కడి బొమ్మల నీడలకు రంగులుండవు. వరసగా పెట్టిన 21 దీపాల వెలుగులో కంబ రామాయణం ఆడతారు. పాలక్కాడు చుట్టుపక్కల భద్రకాళి గుళ్లల్లో ఆ ఆటకోసమే కట్టిన చిన్న చావళ్లుంటాయి. వాటిని కూత్తుమాడం అంటారు.

వాళ్ల నమ్మకం ప్రకారం ఆ ఆట చూసేది భద్రకాళి అమ్మవారు. రామరావణ యుద్ధం జరిగేటప్పుడు ఆమె దారికాసురుడితో యుద్ధంలో ఉండి, దాన్ని చూడలేకపోయిందట! అందుకని ఏటా ఆమెకు ఆడి చూపిస్తారు. మనుషులు ఒక్కరు రాకపోయినా ఆట ఆగదు. చూసేవారు ఎప్పుడూ ఉన్నట్టే. ఏటా ఆట జరిగే చోటూ, కాలమూ కూడా ముందే స్థిరంగా ఉంటాయి. ఊరివాళ్లు మొక్కుకుని ఖర్చులు భరిస్తారు.

మనకు ఆ కథ లేదు. కాని అందులోని తెలివి తీసుకోవచ్చు. ఒక చోటు, ఒక తేదీ, ఏటా తప్పని ఆట, ఊరు పంచుకునే ఖర్చు. ఇవి నాలుగూ కుదిరితే ఒక కళకు ఇల్లు దొరికినట్టే.

మన ఊళ్లో చెయ్యలేమా?

ఎందుకు చెయ్యలేం? ఈ మాట పెద్దవాళ్లు కూడా వినాలి.

మొదటి పని, ఆటగాళ్లను అడగటం. ఎంతమంది వస్తారు, ప్రయాణానికి ఎంత, ఒక రాత్రి ఆటకు ఎంత అని వాళ్లనే అడగాలి. వాళ్లు చెప్పింది విని, ఊరు నిశ్చయించుకోవాలి. మిగిలిందేదో చివర చేతిలో పెట్టటం మర్యాద కాదు. వడ్రంగికి ఇచ్చినట్టే, వైద్యుడికి ఇచ్చినట్టే, విద్యకు తగిన ప్రతిఫలం ముందుగా మాట్లాడుకుని ఇవ్వాలి.

రెండో పని, ఖర్చు పంచుకోవటం. మీకు లెక్కలు వచ్చు గదా! ఒక ఊళ్లో 300 ఇళ్లున్నాయి. ఇంటికి 50 రూపాయలు వేసుకుంటే ఎంత? 15,000 రూపాయలు. ఇవ్వలేనివాళ్లు గుంజలు పాతవచ్చు, ఆటగాళ్లకు ఒక పూట భోజనం పెట్టవచ్చు. ఒక్క ధనవంతుడే మొత్తం ఇస్తే ఆట ఆ రాత్రికి జరుగుతుంది. కాని మర్నాటి ఏడు ఆయనకు వీలు కాకపోతే ఆగిపోతుంది. 300 ఇళ్లు కలిసి ఇస్తే ఆగదు.

మూడో పని, చీకటిని సిద్ధం చెయ్యటం. నవ్వకండి! నీడల ఆటకు చీకటి ముఖ్యం. ఆ గంటలు వీధిదీపాలు ఆర్పాలి. లౌడుస్పీకర్లు మూయాలి. చూసేవాళ్లు సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టుకోవాలి. అరచేతిలోని ఒక్క ఫోను వెలుగు తెరమీద పడితే, రాముడి కిరీటంలో రవ్వలు వెలవెలపోతాయి.

నాలుగో పని బడిది. ఆటకు వారం రోజుల ముందే మేష్టారు కథ చెప్పాలి. ఉపాధ్యాయులకు తోలుబొమ్మలాటవంటి కళలతో పాఠాలు చెప్పటం నేర్పే సంస్థ కూడా ఒకటి 1979నుంచీ ఉన్నది. దాని పేరు సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం. దాని శాఖ హైదరాబాదులో ఉన్నది. ఆట మర్నాడు ఆటగాళ్లను బడికి పిలిచి, పుల్ల ఎలా పట్టాలో, గొంతు ఎలా మార్చాలో పిల్లలకు చూపించమని అడగవచ్చు. గురువులు శిష్యులకు ఇటువంటి విద్యలు నేర్పితే, ఇద్దరికీ నెలనెలా కొంత డబ్బిచ్చే ప్రభుత్వ పథకం ఉన్నది. దక్షిణ రాష్ట్రాలకు తంజావూరులోని సాంస్కృతిక కేంద్రం దాన్ని నడుపుతుంది.

అయిదో పని అన్నిటికన్న కష్టమైనది. మళ్లీ ఏడు కూడా పిలవటం! ఒకసారి పిలిస్తే వేడుక అవుతుంది. ఏటా పిలిస్తే ఆనవాయితీ అవుతుంది. రాబోయే ఏడు ఆట ఉన్నదని ముందే తెలిస్తేనే, బొమ్మలాట ఇంటి పిల్లవాడు పద్యం నేర్చుకోవటానికి ఇష్టపడతాడు. శివరాత్రి మనకు ఉండనే ఉన్నది. లేదా మార్చి 21 పెట్టుకోండి. అది ప్రపంచ బొమ్మలాట దినం.

"టీవీలో రామాయణం ఊరికే వస్తుంటే ఇంత శ్రమ ఎందుకు?" అని ఎవరైనా అనవచ్చు. టీవీలోని హనుమంతుడు చాలా బాగా ఎగురుతాడు, నిజమే. కాని మన ఊరి బావి పూడిపోయిన సంగతి టీవీకి తెలియదు. కేతిగాడికి తెలుసు. మనం నవ్వితే టీవీ ఆగదు. కేతిగాడు ఆగి, ఇంకొక చురక వేస్తాడు. మనం నిద్రపోతే టీవీకి పట్టదు. తెర వెనక మనిషికి పడుతుంది. అతను గజ్జెకాలితో పలకను గట్టిగా తొక్కుతాడు.

ఇంట్లో చేసి చూడండి

ఈలోగా మీరే ఒక చిన్న బొమ్మలాట ఆడండి. దళసరి తెల్లకాగితం మీద బొమ్మ గీసి, రంగుపెన్సిళ్లతో దట్టంగా రంగులు వెయ్యండి. బొమ్మను కత్తిరించి, నగలున్నచోట గుండుసూదితో బెజ్జాలు పొడవండి. తరవాత దూదితో కాస్త కొబ్బరినూనె రెండువైపులా రాసి, పాతగుడ్డతో అద్దండి. కాగితం మసక అద్దంలాగా అవుతుంది. కారణం ఏమిటంటే, కాగితపు పోగుల మధ్య గాలి ఉన్నది. వెలుగు ఆ పోగులకూ గాలికీ మధ్య అటూ ఇటూ చెదిరిపోయి ఇవతలికి తక్కువగా వస్తుంది. నూనె ఆ సందులను నింపితే చెదరటం తగ్గి, వెలుగు ఎక్కువగా వస్తుంది.

బొమ్మకు చీపురుపుల్ల అంటించండి. పాత తెల్లపంచెను తలుపుకు అడ్డంగా కట్టి, వెనకనుంచి టార్చిలైటు వెయ్యండి. కొవ్వొత్తి వాడవద్దు, నూనె కాగితానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది.

దీపం సిద్ధం, బొమ్మ సిద్ధం, తెర సిద్ధం. ఇక మిగిలింది ఏమిటో మీకు తెలుసు. వెళ్లి అమ్మనూ, నాన్ననూ, పక్కింటి అవ్వనూ పిలుచుకు రండి. వాళ్లు వచ్చి కూచున్న తరవాతనే ఆట మొదలుపెట్టండి.